సత్య కమిషన్ ముందు చెప్పిన మాట చివరికి ఎవరిది?

నమస్తే అండి. ఆదివాసులకు జరిగిన అన్యాయాలపై కెనడా, ఆస్ట్రేలియాల్లో వేసిన సత్య కమిషన్ల మీద ఎంఏ ప్రాజెక్టు రాస్తున్నాను. ఒకచోట ఇరుక్కుపోయాను. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించరూ?

కెనడా కమిషన్ 2008లో మొదలై 2015లో 94 సిఫార్సులతో ముగిసింది. ఆదివాసీ పిల్లలను ఇళ్లకు దూరం చేసి బలవంతంగా ఉంచిన రెసిడెన్షియల్ స్కూళ్లలో నలిగిపోయినవాళ్లు వేలమంది వచ్చి తమ గోడు చెప్పుకున్నారు. సభల్లో కన్నీళ్లు తుడుచుకున్న టిష్యూలను బుట్టల్లో పోగుచేసి పవిత్రాగ్నిలో వేసేవారట. అది చదివాక రెండు రోజులు నాకు కలం కదల్లేదు. పోతే, ఆ కమిషన్‌కు ఎవరినీ బలవంతంగా పిలిపించే అధికారం లేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2021లో వేసిన యూరూక్ కమిషన్ మాత్రం, సాక్షులను తప్పనిసరిగా పిలిపించగల రాయల్ కమిషన్ హోదాతో, మంత్రులను కూడా కూర్చోబెట్టి అడిగింది.

అసలు చిక్కు ఇక్కడ. కెనడాలో పరిహారం కోసం విడిగా, రహస్యంగా ఇచ్చిన వాంగ్మూలాలు ఉన్నాయి కదా. బాధితులే భద్రపరచమంటే తప్ప, 15 ఏళ్లు ఉంచి ధ్వంసం చేయాలని 2017లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. చరిత్ర బూడిదైపోతుందని మా గైడ్ గారు. చెప్పుకున్నవాళ్ల ఇష్టమే చెల్లాలని నేను.

యూరూక్ వాంగ్మూలాల మీద హక్కు ఎవరిది? చెప్పినవాళ్లు తర్వాత వెనక్కి తీసుకోవచ్చా? ఆ నిబంధనలు ఎక్కడ దొరుకుతాయో చెప్పినా చాలు. కెనడా తీర్పును లా చదవనివాళ్లకు అర్థమయ్యేలా ఎవరైనా విడమర్చి చెబితే ఇంకా మంచిది.