ఎలుక కాలేయంలో వెలుగుతున్నవి నేను ఎక్కించిన స్టెమ్ సెల్సేనా?

ప్రశ్న:
ఎముక మజ్జ లాంటి చోట్ల దొరికే మెసెంకైమల్ స్టెమ్ సెల్స్‌కి వెలుగునిచ్చే అతిచిన్న రేణువులైన క్వాంటమ్ డాట్స్‌తో లేబుల్ వేసి ఎలుకలకు తోక సిరలోంచి ఎక్కించాను. మొదటిరోజు వెలుగంతా ఊపిరితిత్తుల్లోనే ఉంది, తర్వాత అక్కడ తగ్గి కాలేయంలో పెరిగింది, మూడు వారాలైనా పోలేదు. కణాలు కాలేయానికి చేరి బతికే ఉన్నాయని రాసేయొచ్చా? కాలేయాన్ని పలుచటి ముక్కలుగా (సెక్షన్లు) కోసి చూస్తే ఎర్ర చుక్కలు కొన్నిచోట్ల ముద్దముద్దగా ఉన్నాయి, అదే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అప్పుడే రాయకండి. వెలిగేది కణం కాదు, అందులో మనం పెట్టిన రేణువు. కణం చచ్చినా రేణువు మిగులుతుంది, దాన్ని మాక్రోఫేజ్ (చెత్తను మింగే రోగనిరోధక కణం) మింగుతుంది, ఇక అప్పట్నుంచి మీకు కనబడేది మాక్రోఫేజే. కాలేయంలోని మాక్రోఫేజులు, అంటే కుప్ఫర్ కణాలు, చేసే పనే అది. మొదట ఊపిరితిత్తుల్లో కనబడటం మామూలే, ఈ కణాలు పెద్దవి కాబట్టి అక్కడి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుపోతాయి. ఆ ముద్దలున్న సెక్షన్లకే ఎఫ్4/80 స్టెయిన్ (ఎలుక మాక్రోఫేజులకు పట్టే రంగు) వేయండి, ఎర్ర చుక్కలు ఆ స్టెయిన్ పట్టిన కణాల లోపలే కనిపిస్తే అవి మీ కణాలు కావు. ఇంకో గుంపు ఎలుకలకు లేబుల్ వేసి చంపిన కణాలు ఎక్కించండి. వాటిలోనూ ఇదే బొమ్మ వస్తే ఆ వెలుగుని నమ్మడానికి లేదు. ఈ కంట్రోల్ పెట్టకపోవడం వల్ల నేను ఆరు నెలల పని మళ్ళీ మొదట్నుంచి చేశాను, ఆ బాధ మీకొద్దు.

జవాబు 2:
వెలుగు తగ్గినా కణాలు చచ్చాయని కాదండీ. కణం రెండుగా చీలిన ప్రతిసారీ రేణువులు పిల్లకణాలకు పంచుకుపోతాయి, నాలుగైదు విభజనలయ్యేసరికి ఒక్కో దానిలో మిగిలేది చాలా తక్కువ. బతికున్నాయా అన్నదే మీ ప్రశ్న అయితే లూసిఫరేజ్ (మిణుగురుల్లో వెలుగు పుట్టించే ఎంజైమ్) జీన్ పెట్టిన కణాలు వాడండి, ఆ వెలుగుకి ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కావాలి, చచ్చిన కణం దగ్గర అది ఉండదు.

జవాబు 3:
చాలా క్వాంటమ్ డాట్స్ లో ఉండే విషలోహం కాడ్మియం అంటే భయం ఉంటే ఫ్లోరసెంట్ నానోడైమండ్లు (వెలుగునిచ్చే అతిచిన్న వజ్రపు రేణువులు) చూడండి. ఎంతసేపు లేజర్ వేసినా వెలిసిపోవు, పైగా కణజాలం సొంత మెరుపు ఆరిపోయాక కూడా కొన్ని నానోసెకన్లు వెలుగుతాయి కాబట్టి ఆలస్యంగా రికార్డు చేస్తే వెనకాల వెలుగు బాగా తగ్గుతుంది. తైవాన్ వాళ్ళు 2013లో ఎలుకల ఊపిరితిత్తుల స్టెమ్ సెల్స్‌ని ఇలాగే వెతికి పట్టుకున్నారు. మాక్రోఫేజ్ గొడవ మాత్రం వీటికీ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ థాంక్స్. ఎఫ్4/80 రేపే వేస్తాను. కణాలు మగ ఎలుకలవి, ఎక్కించింది ఆడ ఎలుకలకి, కాబట్టి మిగిలిన సెక్షన్లకి వై క్రోమోజోమ్ ప్రోబ్ (మగ కణాల్లోనే ఉండే ఆ క్రోమోజోమ్ ని గుర్తించేది) కూడా వేస్తాను. చంపిన కణాల గుంపు కోసం ఇంకొన్ని ఎలుకలు కావాలని అడగాలి.