బేర్ అంటే భరించడమేనా?

ప్రశ్న (విజయవాడ): మా ఆటోనగర్ షెడ్డులో పొద్దస్తమానం 'బేరింగ్ పోయింది' అనే మాటే. మొన్న మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకంలో చెట్టు కాయడానికీ, నొప్పి ఓర్చుకోవడానికీ బేర్ అనే ఉంది. ఇదీ అదీ ఒకటేనాండీ? అన్నిటికీ 'భరించు' అని రాసుకోవచ్చా?

జవాబు (గుంటూరు): ఒకటేనండి. తిరిగే ఇరుసు తాలూకు బరువును మోస్తుంది కాబట్టే దానికి బేరింగ్ అని పేరు. బేర్ అంటే అసలు మోయడం. కాయలైనా, కడుపులో బిడ్డైనా, ఖర్చైనా, నొప్పైనా ఇంగ్లీషుకు అన్నీ మోతలే.

మన భరించు దానికి దూరపు చుట్టమే. సంస్కృతంలోని 'భృ' ధాతువూ ఇంగ్లీషు బేరూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయంటారు భాషాశాస్త్రవేత్తలు. భారం, భరణం, భృతి, భర్త, భార్య అన్నీ ఆ ఇంటివే. భర్త అంటే పోషించేవాడు, భార్య అంటే పోషించదగినది అని వ్యుత్పత్తి. ఇద్దరూ ఈఎంఐ కడుతున్న ఇళ్లలో ఎవరు భర్తో తేల్చడం కష్టం!

చుట్టరికం ఉంది కదా అని ప్రతిచోటా భరించు పెడితే మాత్రం కుదరదు. చెట్టు కాస్తుంది, తల్లి కంటుంది, మా మిర్చి యార్డులో ముఠా కూలీ టిక్కీ (మిర్చి బస్తా) మోస్తాడు. ఖర్చు భరిస్తాం. ఓర్చుకోవడం లోపలి ఓపిక. తట్టుకోవడం అంటే మీదికొచ్చిన దెబ్బకు నిలబడటం. 2024 సెప్టెంబరులో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొస్తే ప్రకాశం బ్యారేజీ తట్టుకుంది అన్నాం. 'భరించింది' అంటే ఎవరో నాలుగు మాటలంటే పడి ఊరుకున్నట్టుంటుంది. ఎండకైతే తట్టుకోవడం, భరించడం రెండూ వాడతాం, బెజవాడ ఎండకు ఏదీ చాలదనుకోండి.

ప్రశ్న: మరి మెయిళ్లలో 'బేర్ విత్ మీ' అని రాస్తారే?

జవాబు: 'కాస్త ఓపిక పట్టండి' అని. 'నన్ను భరించండి' అని రాస్తే కస్టమర్ కంగారు పడతాడు. అన్నట్టు, అమ్మాయికి స్పెల్లింగు కూడా చెప్పండి. బార్న్ కూడా బేర్ రూపమే. 'పుట్టాడు' అనేటప్పుడు దాని చివర 'ఇ' (e) ఉండదు. 'ముగ్గుర్ని కన్నది', 'ఖర్చు భరించారు' అనేటప్పుడు ఉంటుంది. పరీక్షల్లో మార్కు పోయేది అక్కడే.

ఇంకొకరు: షేర్ మార్కెట్లో బేర్ అంటారు, అదీ ఈ మోతేనా?

జవాబు: కాదండి, అది ఎలుగుబంటి. పలకడం ఒకటే, పుట్టుక వేరు.