సమస్య: కనుల కన్న ముందు కనియెఁ జెవులు

ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాం, మిగతా మూడూ మీరు పూరించాలి. చెవులు చూడటమేమిటన్న మెలికను వసంతంలో మన వీధి మీదుగా తిరిగొచ్చే వలస కొంగలతో, అంటే క్రౌంచాలతో, విప్పాలి.

మొదటి పూరణ:

మంచు కరగువేళ మడుగువైపునఁ జూడ
గుంపు గానరాదు ఘోష మెగసె
తిరిగి వచ్చు కొంగ తీరైన జాడను
కనుల కన్న ముందు కనియెఁ జెవులు

– రెండో పాదం బాగా కుదిరింది. ‘తీరైన’ మాత్రం యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన మైత్రి కోసం, తెచ్చిపెట్టుకున్న మాట. ‘తెలియఁజెప్పిన జాడ’ అంటే గణాలూ సరిపోతాయి, కూతకూ పని దొరుకుతుంది. ఈ పక్షి శ్వాసనాళం రొమ్ము ఎముకలోకి చుట్టలు తిరిగి ఉంటుంది. బాకాలా మోగే ఆ గొంతు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. సమస్యకు ప్రాణం అదే!

రెండో పూరణ:

చిగురు తొడిగినట్టి చెట్టు కొమ్మనుఁ జేరి
కొంగ పిలిచె మేలుకొలుపు పాడి
తలుపు తీయకుండఁ దడిమంచు తెరలోన
కనుల కన్న ముందు కనియెఁ జెవులు

– ధార హాయిగా ఉంది, చిక్కల్లా ఆ కొమ్మతోనే. క్రౌంచజాతి పక్షులకు వెనక వేలు చిన్నది, పైకి ఉంటుంది, కొమ్మను పట్టుకోలేదు. ఆఫ్రికా కిరీటపు కొంగలు చెట్లెక్కుతాయి గానీ అవి వేరు. మీ కొమ్మ మీదున్నది మెడ ముడుచుకుని ఎగిరే మామూలు కొంగ. క్రౌంచమైతే మెడ చాచి ఎగురుతుంది. ‘చిత్తడి నేలలో’ అని కిందికి దించండి, యతి చెడదు.

– అసలు క్రౌంచాన్ని ‘బెగ్గురు’ అనవచ్చుగా?

– అనవచ్చు, కానీ అది భగణం, ఇంద్రగణాల్లోది. మీరు ‘కొంగ’ పెట్టినచోట సూర్యగణమే పడాలి.

మూడో పూరణ:

పొరలు గమ్ము కనులఁ బొడగానకున్నను
బామ్మ చెప్పె నవిగొ వచ్చె ననుచు
వెదకుచుండ మేము వినువీథి నంతట
కనుల కన్న ముందు కనియెఁ జెవులు

– రెండో పాదంలో ‘బా’కు ‘వ’ యతి చెల్లుతుందా?

– చెల్లుతుంది. ప, ఫ, బ, భ, వ ఒక్క గూటివే. ఈ పూరణలో కళ్లు మావి, చెవులు బామ్మవి. సమస్య ఇచ్చినప్పుడు నాకే తట్టని విరుపు ఇది. నా ఓటు దీనికే.

– రెండో పూరణ నాది. కొమ్మ వదిలేస్తున్నాను, చిత్తడి నేలే ఉంచండి. తలుపు మాత్రం తీయను.