అప్‌డేట్: నల్ల కారుకు చేత్తో పాలిష్, వాక్స్

పటమటలో ఎండలోనే పార్క్ చేసే మా నల్ల కారు వెలిసినట్టు కనిపిస్తోందని, ముందు పాలిష్ వేయాలా, వాక్స్ వేయాలా అని అడిగాను కదా. మీలో ఎక్కువమంది చెప్పినట్టే ముందు పాలిష్, తర్వాత లిక్విడ్ వాక్స్ వేశాను. పాలిష్ క్లియర్‌కోట్‌ను (రంగు మీద ఉండే పారదర్శక పొరను) సన్నగా అరగదీసి గీతలు తగ్గిస్తుంది, వాక్స్ పైన పొరగా ఉండి కాపాడుతుంది. అందుకే ఆ వరస.

బెజవాడ ఎండలో బానెట్ మీద చెయ్యి పెట్టలేం, కాబట్టి తెల్లవారుజామునే నీడలో మొదలుపెట్టాను. ఒక్కో ప్యానెల్‌కి కొంచెమే వాక్స్ రాసి, మసకగా ఆరాక శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను. ఎక్కువ రాస్తే మెరుపు పెరగదు, తుడవలేక మన భుజాలే పోతాయి! నల్ల ప్లాస్టిక్ భాగాలకు ముందే మాస్కింగ్ టేప్ అంటించమన్న సలహా బాగా పనికొచ్చింది, తెల్ల మరకలు పడలేదు.

సన్నటి గీతలు చాలావరకు పోయాయి. గోరు తగిలేంత లోతు గీత మాత్రం డోర్ మీద అలాగే ఉంది. అది పాలిష్‌తో పోయేది కాదు, టచప్ పెయింట్ వేయించాలి. బోరు నీళ్ల మరకలు కొన్ని బానెట్ మీద ఇంకా ఉన్నాయి. వాటికి ఏం వాడాలో తెలిసినవాళ్లు చెప్పండి.