సున్నా నుంచి వంద 6.6 సెకన్లట, గాజువాక ట్రాఫిక్‌లో దాంతో పనేంటి?

కొమ్మాది_స్విఫ్ట్:
అందరికీ హాయ్. కార్ల పిచ్చోళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నా, నవ్వుకోకండి. మా ఇంట్లో ఉన్నది పాత స్విఫ్ట్ డీజిల్, ఇంక మార్చెయ్యాలి. వడకట్టగా వడకట్టగా రెండు మిగిలాయి. ఒకటి కొత్త ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), 150 పీఎస్, అంటే దాదాపు హార్స్‌పవరే. రెండోది స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245, 2020లో ఇండియాకి 200 కార్లే తెచ్చారు కదా ఆ బ్యాచ్‌లోది, తెలిసినాయన అమ్ముతానంటున్నాడు. మా ఫ్రెండ్స్ గ్రూపులో పొద్దున లేస్తే ఇదే గోల, ఆర్ఎస్ సున్నా నుంచి వందకి 6.6 సెకన్లురా, 245 పీఎస్‌రా, టాప్ స్పీడ్ 250రా అని. దాని పక్కన పోర్షా 911 4.2, బీవైడీ సీల్ 3.8 అని పెట్టి, నువ్వు వర్టస్ కొంటే నీతో మాట్లాడం అంటున్నారు.

నా సంగతేంటంటే, రోజూ వైజాగ్‌లో కొమ్మాది నుంచి హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ మీదుగా గాజువాక, అదీ ఆఫీస్ టైంలో. థర్డ్ గేర్ పడితే ఆ రోజు పండగే. అప్పుడప్పుడు రాజమండ్రి అత్తగారిల్లు, ఎప్పుడైనా బుద్ధి పుడితే అరకు. ఇలాంటోడికి ఈ నంబర్లలో నిజంగా పనికొచ్చేది ఏది? తీసేసుకో బ్రో, వద్దు బ్రో అని కాకుండా ఎందుకో కూడా చెప్పండి ప్లీజ్.

ఎన్ఏడీ_గురు:
ఏటి గురూ, మద్దిలపాలెంలో సిగ్నల్ పడితే పోర్షా అయినా పల్లెవెలుగు బస్సయినా ఒకే వరసలో నిలబడాలి కదేటి 😄

ముందు ఆ నంబరు ఎలగ పుడతాదో చూడు. ఖాళీ ట్రాకు, పొడి తారు, లాంచ్ కంట్రోల్ ఆన్. ఎడంకాల్తో బ్రేకు గట్టిగా తొక్కీసి, కుడికాల్తో యాక్సిలరేటర్ నేలకి నొక్కీసి, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ఒక లెవెల్‌కి వచ్చి ఆగినాక బ్రేకు వదిలీస్తే కారు దూకుతాది. నువ్వు హనుమంతవాక దగ్గర అలగ చేస్తావేటి? ముందు ఆటో, ఆ ఆటోకీ నీకూ మధ్యలో ఇద్దరు స్కూటీవోళ్లు దూరీసుంటారు. రోజూ అలగ లేపితే ముందు క్లచ్ పోద్ది, తర్వాత నీ జేబు పోద్ది.

ఇంకోటుంది, మీ గ్రూపోళ్లకి ఇది చెప్పు. అందరూ ఒకేలా కొలవరు. అమెరికాలో డ్రాగ్ స్ట్రిప్ అలవాటు ప్రకారం కారు మొదటి అడుగు దూరం కదిలీసాకే గడియారం మొదలెడతారు, దాన్ని రోలౌట్ అంటారు. ఆ ఒక్క అడుగుకే 0.2, 0.3 సెకన్లు తగ్గిపోద్ది. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 1.99 అని ఊరంతా చెప్పుకున్నారు చూడు, అది కూడా ఆ అడుగు తీసీసిన లెక్కే, పైగా అది వంద కిలోమీటర్లకి కాదు, 60 మైళ్లకి, అంటే 97 లోపే. మరి ఒకడి నంబరు ఇలగ, ఇంకోడి నంబరు అలగ ఉంటే పక్కపక్కన పెట్టి దెబ్బలాడుకోడం దేనికి.

లెక్కల_మాస్టారు:
గురు గారు నంబరు ఎలా పుడుతుందో చెప్పారు, నేను అది మీ రూట్లో ఎంత మిగులుస్తుందో చెప్తాను. మాటవరసకి ఒక కారు సున్నా నుంచి 60కి 3 సెకన్లలో, ఇంకోటి నాలుగున్నర సెకన్లలో వెళ్తుంది అనుకుందాం. గ్రీన్ పడింది, రెండూ ఫుల్లుగా లేపారు. ఫాస్ట్ కారు సంపాదించింది సెకనున్నర అనుకుంటారు అందరూ, కాదు, అందులో సగమే, ముప్పావు సెకను. ఎందుకంటే స్లో కారు ఆ టైంలో నిలబడి లేదు, అదీ కదులుతూనే ఉంది. ఆ ముప్పావు సెకను కూడా తర్వాతి రెడ్ సిగ్నల్ దగ్గర ఆవిరైపోతుంది, వెనకాలోడు తాపీగా వచ్చి మీ పక్కనే ఆగుతాడు.

250 టాప్ స్పీడ్ గురించి అసలు మాట్లాడక్కర్లేదు. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కార్లకి ఎక్స్‌ప్రెస్‌వే మీద గరిష్ఠం 120, డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద 100, ఊళ్లో 70. అక్కడక్కడా ఇంకా తక్కువ బోర్డులు ఉంటాయి. అసలు ఆ 250 అనేది కూడా ఇంజన్ దమ్ము కాదు, జర్మన్ కంపెనీలు అలవాటుగా ఎలక్ట్రానిక్స్‌తో పెట్టుకునే తాళం.

మీరు చూడాల్సిన నంబర్లు వేరే ఉన్నాయి, కార్ల పత్రికలు టెస్ట్ చేసినప్పుడు 20-80, 40-100 అని ఇస్తారు చూడండి, అవి. కారు కదులుతూ ఉండగా కాలు నొక్కితే ఎంతసేపటికి స్పీడు అందుకుంటుందో అవి చెప్తాయి. రాజమండ్రి వెళ్తూ తుని దగ్గర లారీ వెనక 60లో ఇరుక్కుంటే మీరు వాడేది ఆ నంబరే, సున్నా నుంచి ఎవడూ మొదలెట్టడు.

రెండోది ఎవరూ అడగనిది, బ్రేకింగ్. వంద స్పీడులో ఉన్నప్పుడు కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు వెళ్తుంది. గేదె కనిపించి మీ కాలు బ్రేకు మీదకి రావడానికి ఒక సెకను వేసుకోండి, ఆ 28 అప్పుడే అయిపోయాయి, అక్కడి నుంచి మంచి టైర్లతో పొడి రోడ్డు మీద ఇంకో 40 మీటర్లు అటూ ఇటూ. స్పీడు రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. మన హైవే మీద ఊరూరికీ డివైడర్‌లో ఒక సందు, ఆ సందులోంచి అడ్డం వచ్చే ట్రాక్టరు. కారు కొనేటప్పుడు 100-0 ఎన్ని మీటర్లు అని షోరూమ్‌లో అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

కొమ్మాది_స్విఫ్ట్:
మాస్టారూ ముప్పావు సెకను లెక్క గ్రూపులో పెట్టేశా, ఒకడు లెఫ్ట్ అయిపోయాడు 😂 మరి హార్స్‌పవర్ సంగతేంటి? 150కీ 245కీ చాలా తేడా కదా, అది ట్రాఫిక్‌లో కూడా తెలుస్తుందిగా?

షెడ్డు_బాబాయ్:
బాబూ, నేను గాజువాకలో షెడ్డు నడుపుతా, ఇంజన్లు విప్పేవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తా. పవర్ ఎంత అని కాదు, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వస్తుంది అని అడగాలి. హోండా ఎస్2000 అని ఒక స్పోర్ట్స్ కారు ఉండేది, 1999లో వచ్చింది, టర్బో (ఇంజన్‌లోకి గాలి ఒత్తి పంపేది) లేకుండా 2 లీటర్ల ఇంజన్‌లోంచి 240 గుర్రాలు లాగారు, ఇంజనీర్లకి దండం పెట్టాలి. కానీ ఆ గుర్రాలు వచ్చేది 8300 ఆర్‌పీఎం దగ్గర, టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 208 న్యూటన్ మీటర్లు, అది కూడా 7500 దగ్గర. నువ్వు ఎన్ఏడీ దగ్గర నడిపేది 1500, 2000లో. అక్కడ ఆ ఇంజన్ మామూలు కారే. నువ్వు చూస్తున్న వర్టస్ 1.5 టర్బోకి 250 న్యూటన్ మీటర్లు 1600 నుంచే వస్తాయి, ఆర్ఎస్‌కి 370, అది కూడా కిందనుంచే. అంటే ట్రాఫిక్‌లో రెండూ చలాకీగానే ఉంటాయి, ఆ తేడా నీకు కనపడాలంటే ముందు ఖాళీ రోడ్డు కనపడాలి.

ట్రాఫిక్‌లో నిజంగా తేడా తెలిసేది గేర్‌బాక్స్ దగ్గర. వర్టస్ డీఎస్‌జీలో డ్రై క్లచ్, ఆర్ఎస్‌లో ఆయిల్‌లో మునిగుండే వెట్ క్లచ్, 370 మోయాలంటే డ్రై క్లచ్ పెట్టె సరిపోదు మరి. బంపర్‌కి బంపర్ పాకించి పాకించి నడిపితే డ్రై క్లచ్ సగం పట్టీ సగం పట్టక జారుతూ వేడెక్కుద్ది. ముందు కారు కదిలిన ప్రతి అంగుళానికీ బ్రేకు వదలకు, ఒక కారంత జాగా వచ్చాక వదులు. వెట్ క్లచ్ ఈ చాకిరీ బాగా తట్టుకుంటుంది, కాకపోతే దాని ఆయిలూ ఫిల్టరూ టైంకి మార్చాలి, పాత ఓనరు మార్చాడా లేదా బిల్లు అడుగు, మాట కాదు బిల్లు.

ఇంకోటి, మే నెలలో మధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంట నిలబెట్టిన టర్బో కారు బ్రోచర్లో రాసిన గుర్రాలన్నీ ఇవ్వదు. టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి బయటి గాలి తగలదు, లోపలికెళ్లే గాలి వేడి, వేడి గాలి పల్చన, పైగా ఏసీ ఫుల్లు. కంప్యూటరు ఇంజన్‌ని కాపాడుకోడానికి తనే తగ్గిస్తుంది.

ఘాట్_రోడ్_పిన్ని:
అందరూ కలిసి నంబర్లని చెత్తబుట్టలో వేసేశారు, నేను కొంచెం అడ్డం తిరుగుతా. నాది పోలో జీటీ టీఎస్ఐ, నేనే నడుపుతా, మా ఆయన పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ ఉంటారు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు కారులో ఐదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ, ముందు నల్లపొగ వదిలే లారీ, రెండు మలుపుల మధ్య ఓ చిన్న స్ట్రెయిట్ రోడ్డు. అక్కడ 30 నుంచి 60కి ఎంత తొందరగా వెళ్తే ఎదుటి లేన్‌లో అంత తక్కువసేపు ఉంటాం. అప్పుడు పవర్ గొప్ప కోసం కాదు, ప్రాణం కోసం. తక్కువ పవర్ కారుతో కూడా ఎక్కొచ్చు, ఆ లారీ వెనకే ఎక్కాలి అంతే. కాబట్టి నంబరు పనికిరాదు అనకండి, ఒక హద్దు దాకా బాగా పనికొస్తుంది, ఆ హద్దు 911 దగ్గర లేదు, చాలా ముందే ఉంది. నన్నడిగితే 150 పీఎస్ ఉన్న కారు ఆ హద్దు దాటేసినట్టే.

అన్నట్టు మీ ఫ్రెండ్స్ ఇంకా జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ రేసు ట్రాకు లాప్ టైం దాకా రాలేదా? 911 జీటీ3 2021లో 20.8 కిలోమీటర్ల ట్రాకుని 6 నిమిషాల 59.9 సెకన్లలో తిప్పారు, అదీ కంపెనీ పెంచుకున్న డ్రైవరుతో. మన అనంతగిరి ఘాట్‌లో లాప్ టైం అంటే ముందున్న ఆర్టీసీ బస్సు ఎంతసేపట్లో ఎక్కితే అంత.

ఒకటి మాత్రం ఏ బ్రోచర్లోనూ ఉండదు, స్టీరింగ్ చేతికి ఏం చెప్తోంది అనేది. మాజ్దా ఎంఎక్స్-5 అని చిన్న రెండు సీట్ల బండి ఉంది, మన దేశంలో అమ్మలేదు, బరువు టన్ను పైన కొంచెం, పవర్ కూడా మరీ ఎక్కువేం కాదు, అయినా ప్రపంచమంతా దాన్ని నడపడంలో మజా గురించే మాట్లాడుకుంటారు. మన స్పీడుల్లోనే ఆనందం ఇచ్చే కారు, 200 దాటితే గానీ నిద్రలేవని కారు కంటే మేలు. రాత్రి పదకొండింటికి రుషికొండ రోడ్డు మీద సైలెన్సర్ మార్చుకుని సున్నా నుంచి వంద కొలిచే బాబులకి మాత్రం నా దగ్గర సలహాలేం లేవు, తిట్లున్నాయి.

ఎన్ఏడీ_గురు:
పిన్నీ నువ్వు సూపరు 🙏 కానీ నేను నంబర్లు వద్దన్నానేటి, కొలిచే పద్ధతి చూడమన్నానంతే.

కొమ్మాది_స్విఫ్ట్:
చాలా క్లియర్‌గా ఉంది, థ్యాంక్స్ అందరికీ. ఆర్ఎస్ ఓనరు ఆదివారం టెస్ట్ డ్రైవ్ ఇస్తానన్నాడు. మనసు అటే లాగుతోంది, అబద్ధం చెప్పను. ఏమేం చూడాలి?

షెడ్డు_బాబాయ్:
లాగితే లాగనీ, తప్పులేదు, కళ్లు మాత్రం తెరిచి చూడు. ఖాళీ కారుతో ఒక్కడివే వెళ్లకు, ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టి మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు దింపు, మీ వీధి స్పీడ్ బ్రేకర్లు ఎక్కించు. కింద గీసుకుంటే 6.6 సెకన్లు అక్కడే మర్చిపోతావు. తర్వాత ఆనందపురం దగ్గర ఎక్కి సబ్బవరం వైపు బైపాస్ మీద వెళ్లు, ఆరు లైన్ల రోడ్డు, వెనక ఎవరూ లేనప్పుడు 80 నుంచి గట్టిగా బ్రేకు వెయ్యి, స్టీరింగ్ వణుకుతోందా, కారు పక్కకి లాగుతోందా చూడు. బీచ్ దగ్గర ఆరుబయట పార్క్ చేసే కారైతే పొద్దున్నే డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర కనపడుద్ది, మొదటి రెండు బ్రేకులకి గర్రుమని పోతే పర్లేదు, అరుగు పడి అంచు లేచి ఉంటే డిస్కులు మార్చాలి. కారుని లిఫ్ట్ ఎక్కించి కింద కూడా చూడాలి, ఉప్పుగాలికి నట్లూ బ్రాకెట్లూ ముందు పోతాయి.

టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. 1920 అని ఉంటే 2020లో 19వ వారం తయారైనవి, అంటే కారుతో వచ్చిన టైర్లే ఇంకా తిరుగుతున్నాయన్నమాట. పైకి అరుగు కనపడకపోయినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, మాస్టారు చెప్పిన ఆ 40 మీటర్లు వాటితో రావు. నాలుగూ పక్క గోడ పొట్టిగా ఉండే లో ప్రొఫైల్ టైర్లు, రేటు కనుక్కుని ఆ మొత్తం ఆయన చెప్పిన ధరలో కొయ్యమను.