అద్దెకున్నవాళ్లతో సహా ఇల్లు కొనేటప్పుడు వాళ్లను అడగాలా, కాగితాలు చాలా?

మూడోఅంతస్తు:
పెట్టుబడిగా ఒక ఫ్లాట్ చూశాను, అందులో ఇప్పటికే అద్దెకుంటున్నారు. అమ్మేవాళ్లు అగ్రిమెంట్ కాపీ ఇచ్చారు, లాయర్ టైటిల్ క్లియర్ అన్నారు. లోపలున్నవాళ్లతో ఒక్కసారి మాట్లాడతానంటే బ్రోకర్ 'వాళ్లనెందుకండీ కదపడం, నెల తిరిగేసరికి అద్దె పడుతోందిగా' అని దాటేస్తున్నాడు. మా ఇంట్లో కూడా నీకు చాదస్తం అంటున్నారు. నిజంగా చాదస్తమేనా?

పాతకాగితం:
వద్దంటున్నాడు చూశారా, అందుకే అడగాలి. నాకు జరిగింది చెప్తా. అగ్రిమెంట్‌లో ఉన్న అద్దె చూసి కొన్నాను, మొదటి నెలే తక్కువ పడింది. ఏంటని వెళ్తే వంటింటి గోడకు ప్లాస్టిక్ కవర్‌లో తగిలించిన గీజర్ బిల్లు తీసి చూపించారు, పాత ఓనర్‌తో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు కూడా. గీజర్ వాళ్లే కొనుక్కున్నారు, ఆ డబ్బు ఏడాదిపాటు అద్దెలో తగ్గించుకోమని ఆయన ఒప్పుకున్నాడు. ఇక అడ్వాన్స్, కాగితం మీద రెండు నెలలది, వాళ్లు ఇచ్చింది మూడు నెలలది, రసీదుంది. వాళ్ల తప్పేం లేదు, నేనే అడగలేదు. ఖాళీ చేసినప్పుడు ఆ మూడో నెల డబ్బు నా జేబులోంచే పోయింది.

లెక్కలరాయుడు:
నేను ఒప్పుకోను. అద్దెకున్నవాళ్లు చెప్పేదంతా వేదమా? కొత్త ఓనర్ వస్తున్నాడంటే పెయింట్ వేయిస్తామన్నారు, రెండేళ్లు అద్దె పెంచం అన్నారు అని నాలుగు కలిపే చెప్తారు. 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ అడగండి, ఎంత పడిందో, ఏ నెల పడలేదో తెలిసిపోతుంది. అసలు జనం చూసుకోనిది రాబడి. ధర 100 అనుకోండి, ఏడాది అద్దె 6, బ్రోకర్ 6 శాతం అంటాడు. రిజిస్ట్రేషన్, ఫీజులు కలిపి మీకు 108 పడిందనుకుందాం. ఒక్క నెల ఖాళీగా ఉంటే వచ్చే అద్దె ఐదున్నర. అందులో మెయింటెనెన్స్, పన్ను, ఇన్సూరెన్స్, రిపేర్లకు ఒకటిన్నర పోతే మిగిలేది 4. 108 మీద 4 అంటే 3.7 శాతం. లోన్ వడ్డీ అంతకన్నా ఎక్కువైతే, ఆ ఇంట్లో ఎంత మంచివాళ్లున్నా మీరే ఎదురు పెట్టుకోవాలి. ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది, మనం ఉండే ఇంటికి తీసుకునే పాలసీ అద్దెకిచ్చిన ఇంటికి చాలాసార్లు వర్తించదు, అదీ చూసుకోండి.

తాళంచెవి:
నేను అద్దెకుండేదాన్ని, మా వైపు మాట కూడా వినండి. మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఏడుగురు వచ్చి చూశారు. బీరువా తలుపులు కూడా తీసి చూసినవాళ్లున్నారు గానీ నన్ను పలకరించినవాళ్లు లేరు. బాత్రూమ్ పైకప్పులో చెమ్మ దిగితే దాని మీద సున్నం వేసి రెండు రోజులే అయింది, వాసన కూడా పోలేదు. అడిగుంటే చెప్పేదాన్ని.

పాతకాగితం:
లెక్కలరాయుడు గారూ, స్టేట్‌మెంట్ మంచిదే, కానీ అడ్వాన్స్ మూడేళ్ల కిందట ఇచ్చి ఉంటే ఆ 12 నెలల్లో ఎక్కడ కనిపిస్తుంది? నోటిమాట మీద నమ్మకం లేకపోతే రాయించుకోండి. అమెరికాలో, ముఖ్యంగా వాణిజ్య భవనాలు చేతులు మారేటప్పుడు, ఎస్టాపెల్ సర్టిఫికెట్ అని ఒకటి తీసుకుంటారు. అద్దె ఇంత, డిపాజిట్ ఇంత, ఓనర్‌తో వేరే ఒప్పందాలు లేవు అని అద్దెకున్నవాళ్లు సంతకం పెడతారు, తర్వాత మాట మార్చడం కష్టం. ఇంగ్లండ్ సంగతి ఇంకా తమాషా. అక్కడ రిజిస్టర్‌లో లేకపోయినా ఆ ఇంట్లో ఉంటున్న మనిషి హక్కు కొన్నవాళ్ల మీద చెల్లొచ్చు. అదే కొనేముందు మీరు అడిగి, ఆ మనిషి చెప్పాల్సింది చెప్పకపోతే, 2002 నాటి భూమి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆ రక్షణ పోతుంది. మీరేమో అడగొద్దంటారు.

లెక్కలరాయుడు:
సర్లెండి, అడగండి. స్టేట్‌మెంట్ చేతికొచ్చాకే అడగండి, అప్పుడైతే చెప్పేదాంట్లో ఎంత నిజమో పట్టుకోవచ్చు.

మూడోఅంతస్తు:
నిన్న సాయంత్రం బ్రోకర్‌కు చెప్పకుండానే వెళ్లాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు, వెనక హాల్లో అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి. నెలాఖరుకు ఖాళీ చేస్తున్నారట, నోటీసు ఇచ్చి మూడు వారాలైందట. బ్రోకర్‌కు ఫోన్ చేస్తే 'అవునా, నాకూ ఇప్పుడే తెలిసిందండీ' అంటున్నాడు. ఖాళీ ఫ్లాట్ లెక్కన ధర మళ్లీ మాట్లాడదామన్నాను, ఇంకా బదులు లేదు.