కంప్యూటర్లు తక్కువగా ఉన్న కొత్త కారు దొరుకుతుందా?

ప్రశ్న (హనుమకొండ): మొన్న వానలో కాజీపేట బ్రిడ్జి దగ్గర నా కారు ఆగిపోతే, మెకానిక్ బానెట్ ఎత్తకుండానే స్టీరింగ్ కింద స్కానర్ తగిలించి, సెన్సర్ పోయిందని, అది హైదరాబాద్ నుంచి రావాలని చెప్పారు. అద్దాలు చేత్తో తిప్పుకునే, టచ్‌స్క్రీన్ లేని కారు ఏదైనా ఉందాండీ?

జవాబు 1: బేస్ మోడల్ తీసుకుంటే స్క్రీన్ తప్పుతుంది గానీ, ఇంజిన్ కంప్యూటర్ తప్పదండీ. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాలను పెట్రోలు కారు అందుకోవాలంటే, పొగలోని ఆక్సిజన్‌ను సెన్సర్ కొలుస్తుండగా, దాన్నిబట్టి ఇంధనాన్ని క్షణక్షణం సరిదిద్దే ఈసీయూ, అంటే ఆ ఇంజిన్ కంప్యూటర్, ఉండవలసిందే. పాత బళ్లలో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌తో అయ్యే పని కాదు.

జవాబు 2: బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మాత్రం ఉండవలసిందేనండీ, నర్సంపేట రోడ్డు మీద గేదె అడ్డం వచ్చిన రోజు నన్ను కాపాడింది అదే. ఏసీ తగ్గించడానికి కూడా స్క్రీన్ తడమవలసి రావడమే నాకు నచ్చదు.

ప్రశ్న వేసినవారు: అయితే బేస్ మోడలే చూస్తాను. ఆ సెన్సర్ ఇంకా రాలేదు.